మా హెరిటేజ్ టీమ్‌లో చాలామందిని తీసేశారు, వాళ్లకు నిజంగా పనికొచ్చేది ఏం చేయొచ్చు?

పాతగోడలు:

అందరికీ నమస్కారం. నాది ఐటీ కాదని ముందే చెప్పేస్తున్నా. మాసాబ్ ట్యాంక్‌లో ఆర్కిటెక్చర్ చదివి, ఇక్కడ అమెరికాలో హిస్టారిక్ ప్రిజర్వేషన్‌లో, అంటే పాత కట్టడాలను కాపాడే చదువులో, మాస్టర్స్ చేసి, మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో పని చేస్తున్నాను. పాత ఇళ్లు, చర్చిలు, మిల్లులు సర్వే చేస్తాం, చారిత్రక కట్టడాల జాతీయ జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌కు నామినేషన్లు రాస్తాం. ఫెడరల్ డబ్బుతో రోడ్డో వంతెనో కట్టబోతుంటే అక్కడ కాపాడుకోవాల్సింది ఏమైనా ఉందా అని చూసి రిపోర్ట్ ఇస్తాం. ఫంక్షన్లలో "నువ్వేం చేస్తుంటావమ్మా" అని అడిగినవాళ్లకు ఇదంతా చెప్పేసరికి వాళ్లు పెరుగన్నంలోకి వచ్చేసి ఉంటారు.

మా జీతాల వెనక ఉన్న డబ్బు ఎక్కడిదో చెబితే గానీ సంగతి అర్థం కాదు. హిస్టారిక్ ప్రిజర్వేషన్ ఫండ్ అని 1976లో పెట్టారు. పన్నుల డబ్బు కాదు, సముద్రంలో చమురు, గ్యాస్ లీజుల మీద వచ్చే ఆదాయంలోంచి ఏటా 15 కోట్ల డాలర్ల దాకా దీనికి కేటాయించేలా చట్టం చేశారు. అందులోంచి ప్రతి రాష్ట్రంలోని ప్రిజర్వేషన్ ఆఫీసుకు వాటా వెళ్తుంది. ఫెడరల్ 60 శాతం, రాష్ట్రం 40 శాతం. ఆ ఆఫీసులు మాలాంటి కంపెనీలకు సర్వేలు అప్పగిస్తాయి. 2025లో ఆ డబ్బు విడుదల కాకుండా నెలల తరబడి ఆగింది. 2026 బడ్జెట్ ప్రతిపాదనలో అయితే దాదాపు మొత్తం ఎత్తేసి, నల్లజాతివాళ్ల చారిత్రక కాలేజీల కోసం 1.1 కోట్ల డాలర్లు మాత్రం ఉంచారు. దానికి ముందే, ఏప్రిల్‌లో, చరిత్ర, సాహిత్యం లాంటివాటికి నిధులిచ్చే ఫెడరల్ సంస్థ హ్యుమానిటీస్ ఎండోమెంట్ వెయ్యికి పైగా గ్రాంట్లు రద్దు చేసింది. రాష్ట్ర ఆఫీసుల్లో మనుషులు తగ్గారు, మాకు కాంట్రాక్టులు ఆగాయి. మా మేనేజ్‌మెంట్ ఒక శుక్రవారం మధ్యాహ్నం పదేసి నిమిషాల మీటింగులు పెట్టి చాలామందిని పంపించేసింది.

నేను మిగిలాను. వెళ్లిపోయినవాళ్లలో ఒకావిడ ఇరవై ఏళ్ల పైబడి ఈ పనిలో ఉంది. ఆవిడ రాస్తున్న ఒక నల్లజాతి చర్చి నామినేషన్ ఇప్పుడు నా టేబుల్ మీదుంది. అందులో భవనాన్ని వర్ణించే ఏడో సెక్షన్ పూర్తయింది. గోడలు, కిటికీలు, 1950లలో కలిపిన వంటగది దాకా అన్నీ ఉన్నాయి. ఆ చర్చి ఎందుకు ముఖ్యమో చెప్పే ఎనిమిదో సెక్షన్ ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది. చర్చి సమావేశాల మినిట్స్ పుస్తకాలు ఇంట్లో దాచిన పెద్దావిడ నమ్మకం సంపాదించడానికే మా కొలీగ్‌కు ఏడాది పట్టింది. ఇప్పుడు ఆ పెద్దావిడకు నేను ఫోన్ చేసి ఏమని చెప్పాలి?

ఇంకో అమ్మాయి మా జూనియర్, గుంటూరు నుంచి వచ్చింది. హెచ్-1బి. తన టెన్షన్ చెప్పక్కర్లేదు.

మెసేజ్‌లు, పూలు, "అంతా మంచే జరుగుతుంది" లాంటివి కాకుండా, ఉద్యోగం ఉన్నవాళ్లం పోయినవాళ్లకు ఏం చేస్తే నిజంగా ఉపయోగం?

డల్లాస్ శీను:

అక్కా, మీ ఫీల్డ్ నాకు తెలీదు గానీ లేఆఫ్ నాకు బాగా తెలుసు. గుంటూరు అమ్మాయి సంగతి ముందు చూడండి. ఉద్యోగం పోయాక ఇక్కడే ఉండి ఇంకోటి వెతుక్కోవడానికి తనకు 60 రోజుల వరకు గడువు ఉంటుంది. అది మామూలుగా జీతం లెక్కలోకి వచ్చిన ఆఖరి రోజు నుంచి లెక్క. తీసేసేటప్పుడు ఇచ్చే సెవరెన్స్ చెక్ ఎంత ఇచ్చినా గడువు పెరగదు. అందుకే ఒకేసారి డబ్బు ఇచ్చే బదులు ఇంకొన్ని వారాలు పేరోల్‌లో ఉంచమని అడగొచ్చేమో, లాయర్‌తో మాట్లాడి చూడమనండి. ఆ 60 రోజుల్లో కొత్త కంపెనీ పిటిషన్ ఫైల్ చేస్తే చాలు, అప్రూవల్ రాకముందే చేరిపోవచ్చు. ఒకవేళ ఇండియా వెళ్లక తప్పకపోతే తిరుగు ప్రయాణం ఖర్చు కంపెనీయే ఇవ్వాలని రూల్. అడగనివాళ్లకు ఎవరూ ఇవ్వరు.

ఉద్యోగం పోయిన మీ సీనియర్ కొలీగ్‌కు చెప్పండి: పాత కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌ను సొంత డబ్బుతో కొనసాగించుకునే కోబ్రా ఎంచుకోవడానికి 60 రోజుల టైమ్ ఉంటుంది. ఎంచుకుని ప్రీమియం కడితే కవరేజీ పోయిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. మొదటి రోజే కంగారుగా కట్టెయ్యక్కర్లేదు.

ఇటుకపొడి:

న్యూయార్క్‌లో ఫసాడ్ ఇన్‌స్పెక్షన్, అంటే భవనాల బయటి గోడల పరీక్ష, చేస్తాను. మాదీ పాత భవనాల పనే, కానీ మా డబ్బు వాషింగ్టన్ నుంచి రాదు. 1979లో ఒక భవనం పైనుంచి ముక్క ఊడిపడి ఒక స్టూడెంట్ చనిపోయింది. మరుసటి ఏడాదే నగరం చట్టం తెచ్చింది. ఆరంతస్తులు దాటిన ప్రతి భవనం బయటి గోడలను ఐదేళ్లకోసారి పరీక్ష చేయించాలి. ఓనర్ కట్టాల్సిందే, బడ్జెట్ ఎవరు కోసినా. షికాగో, ఫిలడెల్ఫియాల్లో కూడా ఇలాంటి చట్టాలున్నాయి. టెర్రకోటను సుత్తితో తట్టి బోలు శబ్దం పట్టగలిగేవాళ్లు, పాత సున్నపు కీళ్లలో సిమెంట్ కూరితే ఇటుక ముఖం ఎలా రాలిపోతుందో తెలిసినవాళ్లు మాకు దొరకడం లేదు.

ఇబ్బంది రెజ్యూమెల్లో ఉంటుంది. మీవాళ్లు "నామినేషన్లు రాశాను, ఆర్కైవ్‌లో పని చేశాను" అని రాస్తారు. మా బాస్ అది చదివి పక్కన పెడతాడు. ఎన్ని కిటికీల కండిషన్ రాశారు, ఇటుకల మధ్య మోర్టార్ శాంపిల్ తీశారా, లేజర్ స్కాన్ నుంచి డ్రాయింగ్ తీశారా, ఇవి పైన ఉండాలి. మీరు చేయగలిగింది ఇదీ: కూర్చుని వాళ్ల రెజ్యూమె వాళ్లతో కలిసి తిరగరాయండి. వాళ్లు చేసింది మీకు తెలుసు, బయటివాళ్లకు తెలీదు.

మేరీల్యాండ్ మాస్టారు:

అమ్మా, ఒక పాత సంగతి. 1933లో, డిప్రెషన్ రోజుల్లో, నేషనల్ పార్క్ సర్వీస్‌లో చార్ల్స్ పీటర్సన్ అనే ఆర్కిటెక్ట్ ఒక మెమో రాశాడు. పని లేని వెయ్యి మంది ఆర్కిటెక్టులను పది వారాలు పెట్టి దేశంలోని పాత భవనాలను కొలిపించి గీయిద్దామని. హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే అలా పుట్టింది. ఆ డ్రాయింగ్‌లు ఇవాళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీవాళ్లు కూడా ఈ ఖాళీ టైములో స్థానిక హిస్టారికల్ సొసైటీలకు వాలంటీర్‌గా చేస్తే చేతికి పని అలవాటు పోదు, నలుగురి కళ్లలో పడతారు కదా?

పాతగోడలు:

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, మొన్నటి నుంచి ఇది నాకు చాలామంది చెప్పారు, విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతోంది. పీటర్సన్ వాళ్లను ఉచితంగా పని చేయమనలేదు, జీతం ఇచ్చి పెట్టుకున్నాడు. మా ఫీల్డ్‌లో మొదటి నుంచీ "మీకు ఇష్టం కదా" అని తక్కువ ఇవ్వడం అలవాటు. ఇప్పుడు ఉద్యోగం తీసేసి, అదే పనిని ఊరికే చేయమంటే ఎలా? పైగా వాళ్లు ఫ్రీగా చేస్తే ఆ కాంట్రాక్ట్‌కు మళ్లీ డబ్బెవరు పెడతారు? ఆ డ్రాయింగ్ షీట్ల మీద గీసినవాళ్ల పేర్లున్నాయి చూడండి, అది మాత్రం నాకు నచ్చింది. చర్చి నామినేషన్‌లో 'తయారు చేసినవారు' దగ్గర మా కొలీగ్ పేరే ముందుంటుంది, నేను పూర్తి చేసినా సరే. ఈ మాట మేనేజ్‌మెంట్‌కు మెయిల్‌లోనే పెట్టాను.

ఇంకోటి. ఈ ఫీల్డ్‌లో చాలాచోట్ల చేరాలంటే ఫెడరల్ ప్రభుత్వ ఇంటీరియర్ డిపార్ట్‌మెంట్ పెట్టిన అర్హతలు అడుగుతారు. మాస్టర్స్ ఉంటే సరే, డిగ్రీ మాత్రమే ఉన్నవాళ్లకు కనీసం రెండేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం చూపించాలి. పనిచేసిన ప్రాజెక్టులు, నెలలు, ఏం చేశారో వివరంగా ఉన్న లెటర్ ఉంటే చాలా తేలికవుతుంది. ఫైల్స్ నాకు అందుబాటులో ఉండగానే అందరికీ అలాంటి లెటర్లు రాస్తున్నాను. "చాలా కష్టపడే మనిషి" అనే లెటర్ ఎవరికీ అక్కర్లేదు.

గచ్చుపని:

హైదరాబాద్ నుంచి, కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్‌ని. ఇది అమెరికా గొడవ కదా అని వదిలేయలేను. సంతోష్‌నగర్ దగ్గర పైగా టూంబ్స్‌లో ఆరు సమాధుల పనికి 2023లో సాంస్కృతిక కట్టడాల కోసం ఉన్న అమెరికా రాయబారుల ఫండ్ నుంచి రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించారు. అక్కడ కోతకు ఇక్కడ గచ్చు మేస్త్రీ కూడా భయపడాల్సిందే. మా దగ్గర లేఆఫ్ లెటర్ కూడా ఉండదు. ప్రాజెక్ట్ అయిపోతే మేస్త్రీ మర్నాటి నుంచి అపార్ట్‌మెంట్‌లో టైల్స్ వేస్తుంటాడు. సున్నం ఎన్నాళ్లు నానబెట్టాలో, కరక్కాయ నీళ్లు, బెల్లం ఎప్పుడు కలపాలో తెలిసిన చేతులు అలాగే పోతున్నాయి. మేం చేస్తున్నది ఒక్కటే. పెద్ద పనుల మధ్య ఖాళీల్లో పాత ఇళ్ల ఓనర్లు చిన్న రిపేర్లకు అడిగితే అదే జట్టును పంపిస్తాం. వరండా పైకప్పు, బావి గట్టు, ఏదైనా సరే. పెద్ద గ్రాంట్ కోసం కాచుకోకుండా వంద చిన్న బిల్లులు. మీ రాష్ట్రంలో పాత ఇళ్ల ఓనర్లు లేరా?

పాతగోడలు:

ఉన్నారండీ. చారిత్రక గుర్తింపు ఉన్న పాత వ్యాపార భవనాలను బాగు చేసుకునేవాళ్లకు 20 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ కూడా ఉంది, ఆ అప్లికేషన్లు రాసిపెట్టేవాళ్లకు ఓనర్లే ఫీజు ఇస్తారు. మా పెద్ద కొలీగ్‌తో మాట్లాడాను, సొంతంగా మొదలుపెడతానంటోంది. మెయిన్ స్ట్రీట్‌లో పాత హార్డ్‌వేర్ షాపు కొన్నాయన నంబర్ ఇచ్చాను. చర్చి పెద్దావిడకు కూడా ఆవిడే ఫోన్ చేస్తానంది, నేను పక్కన ఉంటాను.

ఇటుకపొడి గారూ, గుంటూరు అమ్మాయి రెజ్యూమె నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని మార్చాం. మోర్టార్ శాంపిల్స్ పైకి వచ్చాయి. మీకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపనా?

ఇటుకపొడి:

పంపండి. వీసా గడువు ఏ తేదీకి అయిపోతుందో కూడా రాయండి, మా హెచ్‌ఆర్ మొదట అడిగేది అదే.