గాయకుల కథ తీసినప్పుడు నటుడే పాడాలా, పెదాలు కదిపితే సరిపోతుందా?

రాత్రిపాట:
నిన్న రాత్రి క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ మీద తీసిన 'బొహీమియన్ రాప్సడీ' (2018) మళ్ళీ చూశాను. చివర్లో లైవ్ ఎయిడ్ కచేరీ వచ్చేసరికి ఒళ్ళు జలదరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ టీవీ కట్టేశాక ఒకటే తొలిచేస్తోంది. అందులో వినిపించే గొంతు చాలావరకు ఫ్రెడ్డీగా వేసిన రామీ మాలెక్‌ది కాదు. ఫ్రెడ్డీ మెర్క్యురీ రికార్డింగులు కొన్ని, అచ్చం ఆయనలాగే పాడే మార్క్ మార్టెల్ గొంతు కొంత, మాలెక్ గొంతు కొంత, అన్నీ కలిపి అతికించారు. ఆస్కార్ మాత్రం మాలెక్‌కి వచ్చింది. ఆ మరుసటి ఏడు 'రాకెట్‌మ్యాన్'లో ఎల్టన్ జాన్‌గా వేసిన టారన్ ఎగర్టన్ తన పాటలు తనే పాడుకుంటే కనీసం ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు. సింగర్ స్టార్ అయిన కథ అంటే ఆ గొంతు కథే కదా. అదే అరువు తెచ్చుకుంటే ఇక నటుడు చేసిందేంటి?

రీలుపురుగు:
పెదాలు కదపడం తేలికనుకుంటున్నట్టున్నారు. మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి పెట్టుకుని అద్దం ముందు నిలబడి చూడండి, రెండో లైనుకే దొరికిపోతారు. పదం ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే చాలదు, గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో కూడా తెలియాలి. గాయని ఎడిత్ పియాఫ్ మీద 2007లో వచ్చిన ఫ్రెంచ్ సినిమాలో మారియన్ కొటియార్ పాడలేదు, పియాఫ్ రికార్డింగులకే ఎక్కువగా పెదాలు కలిపింది. అది చూస్తూ గొంతు ఎవరిదని అడగాలని నాకైతే తోచలేదు. 'రే' (2004)లో జేమీ ఫాక్స్ పియానో తనే వాయించాడు, పాటల్లో గొంతు మాత్రం చాలావరకు రే చార్ల్స్‌దే. ఇద్దరికీ ఆస్కార్ వచ్చింది. అయినా జనం వినాలని వచ్చేది రే చార్ల్స్‌ని, ఫాక్స్‌ని కాదు.

తబలాబాబు:
ప్లేబ్యాక్ మీద పెరిగిన మనమా ఈ గొడవ పడేది! 'శంకరాభరణం'లో సోమయాజులు గారు పాడలేదని ఎవరైనా టికెట్ డబ్బులు వెనక్కి అడిగారా?

రాత్రిపాట:
అడగలేదు, ఎందుకంటే పాడింది బాలు గారని అందరికీ తెలుసు. టైటిల్స్‌లో పేరుంది, రికార్డు మీద పేరుంది. దాచిందేమీ లేదు. నేను అడుగుతున్నది దాచినప్పుడు సంగతి.

సగంశృతి:
కొన్నేళ్ళు ఆర్కెస్ట్రాలో పాడినదాన్ని కాబట్టి నాకు కనిపించే విషయం ఒకటి చెప్తాను. ఇలాంటి సినిమా చూసేటప్పుడు నా కళ్ళు పెదాల మీద ఉండవు, మైకు మీద ఉంటాయి. పై స్థాయికి వెళ్ళి గట్టిగా పట్టేటప్పుడు చెయ్యి దానంతటదే మైకుని నోటికి దూరంగా జరుపుతుంది, లేకపోతే సౌండ్ పగిలిపోతుంది. మెల్లగా పాడేచోట మళ్ళీ దగ్గరికొస్తుంది. ఇది ఆలోచించి చేసేది కాదు, అలవాటు. స్టూడియోలో ముందే రికార్డు చేసిన పాటకి పెదాలు కదిపే నటుల్లో చాలామంది మైకుని మొదటి నుంచి చివరిదాకా ఐస్‌ఫ్రూట్‌లా మూతికి ఆనించుకునే ఉంటారు. ఇక నాకు ఆ సీను అయిపోయినట్టే. అందుకే 'ఎ స్టార్ ఈజ్ బార్న్' (2018)లో పాటలు సెట్‌లోనే లైవ్‌గా పాడదామని లేడీ గాగా పట్టుబట్టడం నాకు నచ్చింది. మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు గాగా వేసిన ఆ అమ్మాయి మొహం చేతుల్లో దాచుకుంటుంది చూడండి, ఆ భయం గొంతులో కూడా వినిపిస్తుంది. రికార్డింగ్ గదిలో హాయిగా నిలబడి పాడి తెచ్చుంటే ఆ వణుకు ఎక్కడి నుంచి వస్తుంది?

రీలుపురుగు:
ఒప్పుకుంటాను, కానీ అది కల్పిత కథ అండీ. ఆ పాత్రకి వేరే గొంతు మన చెవిలో లేదు. ఫ్రెడ్డీ గొంతు అలా కాదు, కోట్ల మంది చెవిలో ఉంది. అక్కడ ఇంకొకరు పాడితే ప్రతి లైనుకీ పోల్చుకుంటూ కూర్చుంటాం.

సగంశృతి:
మొదట్లో పోల్చుకుంటాం, నిజమే. 'వాక్ ది లైన్' (2005)లో వాకీన్ ఫీనిక్స్ గొంతు జానీ క్యాష్ గొంతులా లేదు, ఆ కింది స్థాయి బరువు రాదు. పావుగంట గడిచాక నా చెవి సర్దుకుంది, తర్వాత గుర్తు కూడా రాలేదు. 'కోల్ మైనర్స్ డాటర్' (1980)లో లొరెట్టా లిన్ పాటలు సిస్సీ స్పేసెక్ తనే పాడింది, ఆస్కార్ కూడా కొట్టింది. మొన్న 2024లో వచ్చిన 'అమర్ సింగ్ చమ్‌కీలా'లో దిల్‌జిత్, పరిణీతి ఇద్దరూ సెట్‌లోనే పాడారు. అఖాడాలో, అంటే పంజాబ్ పల్లెల్లో ఆరుబయట జరిగే కచేరీలో, జనం మధ్య నిలబడి పాడే మనుషుల కథకి స్టూడియో నునుపు అసలు పనికిరాదు. మీకు అచ్చు దిగినట్టు వినిపించాలంటే పాత రికార్డు ఉండనే ఉంది కదా, సినిమా దేనికి?

రీలుపురుగు:
పెద్ద స్క్రీన్ మీద, పెద్ద సౌండ్‌తో ఆ గొంతు వినడానికే! నాకు ఆ ఆశ ఉండటం తప్పా?

తబలాబాబు:
తప్పేం కాదు. ఈ గొడవలో అసలు తమాషా వేరే ఉంది. 'సింగిన్ ఇన్ ది రెయిన్' (1952) కథేంటి? మూకీల కాలం పోయి టాకీలు వచ్చాయి, పెద్ద హీరోయిన్ గొంతు కీచుగా ఉంటుంది, అందుకని తెర వెనక పేరులేని అమ్మాయి చేత చెప్పించి, పాడిస్తారు. చివర్లో తెర లాగి ఆ మోసం బయటపెడితే హాలంతా చప్పట్లు. బాగుంది కదా. ఆ పేరులేని అమ్మాయిగా వేసింది డెబ్బీ రెనాల్డ్స్. ఆవిడ మైకు ముందు నిలబడి హీరోయిన్ కోసం 'వుడ్ యూ' పాడే సీన్‌లో వినిపించేది డెబ్బీ గొంతు కాదు, బెటీ నోయెస్ అనే గాయనిది. టైటిల్స్‌లో ఆవిడ పేరు లేదు.

రాత్రిపాట:
ఇది చదివాక ఆ సీన్ మళ్ళీ పెట్టుకుని చూశాను, మూడుసార్లు. రికార్డింగ్ గదిలో డెబ్బీ, అక్కడి నుంచి షూటింగ్‌లో పెదాలు కదుపుతున్న హీరోయిన్, ఆపైన తెర మీద బొమ్మ, ఒకే పాట అలా సాగిపోతుంది. రీలుపురుగు గారూ, అతుకు నాకూ దొరకలేదు, మీ మాటే నెగ్గిందనుకోండి. కానీ దొంగ గొంతుని బయటపెట్టే సినిమాలోనే ఆ పాడినావిడ పేరు ఎగ్గొట్టారంటే నా కోపం ఇప్పుడు లిప్‌సింక్ మీద కాదు. ఒక్క లైను అండీ, టైటిల్స్‌లో ఒక్క లైను వేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?