హైదరాబాద్ ఎండల్లో చించిల్లాను తేవచ్చా? ఏసీ ఒక్కటే చాలుతుందా?

కొత్తపంజరం:
మియాపూర్‌లో నాలుగో అంతస్తు, రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాటు. ఏప్రిల్ మొదటి వారంలో ఆరు నెలల మగ చించిల్లాను (ఎలుక, ఉడుతల కోవకు చెందిన, దట్టమైన బొచ్చున్న పెంపుడు జీవి) తెచ్చుకోవాలని ఉంది. పంజరం పెట్టే గదిలో 1 టన్ను ఇన్వర్టర్ ఏసీ ఉంది. కరెంటు పోతే 900 వీఏ ఇన్వర్టరు, 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి. రెండడుగుల పక్షి పంజరం, అది లోపల పరుగెత్తి ఆడుకోవడానికి హ్యామ్‌స్టర్ చక్రం చూసి పెట్టాం. ఈ ఊళ్లో దీన్ని పెంచడమే పాపమని కొందరు, ఏసీ ఉంటే చాలని కొందరు అంటున్నారు. తెలిసినవాళ్లు కారణాలతో చెప్పండి.

గడ్డివాము:
తేవద్దండి. ఆ జీవి ఒళ్లే చెబుతుంది కారణం. దక్షిణ అమెరికా ఆండీస్ కొండల చలికి తగ్గట్టు తయారైన ఒళ్లు అది. మన తల మీద ఒక్కో కుదురులో ఒకటో రెండో, మహా అయితే మూడో వెంట్రుకలు ఉంటే, దానికి ఒక్క కుదురులోనే 50, 60 దాకా ఉంటాయి. చెమట పట్టదు. ఒంట్లో వేడి బయటికి పోవడానికి ఆ పెద్ద చెవులే ముఖ్యమైన దారి. 15 నుంచి 21 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 25 దాటితే ఇబ్బంది మొదలు, 28 దగ్గర వడదెబ్బ తగిలి గంటల్లో ప్రాణం పోవచ్చు. మనకు డిసెంబరు పగలే 28 ఉంటుంది, ఇక మే సంగతి చెప్పేదేముంది? పైగా ఇది 15 ఏళ్లు బతికే జీవి, కొన్ని 20 కూడా దాటుతాయి. ఒక్క వేసవి గట్టెక్కిస్తే అయిపోదు.

చలిగది:
గడ్డివాము గారి అంకెలన్నీ నిజమే, తీర్పుతోనే పేచీ. చించిల్లాకు ఊరి ఎండతో పనిలేదు, అది ఉండే గదితోనే పని. 40 దాటే టెక్సాస్‌లోనూ ఇళ్లలో పెంచుతున్నారు. మీరు అడగాల్సింది ఒకటే: మే నెల మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కరెంటు పోతే ఆ గదిలో ఏం జరుగుతుంది?

మీ బ్యాటరీ ఇన్వర్టరు ఆ ఏసీని మోయదు. 900 వీఏ అంటే చేతికొచ్చేది 700 వాట్ల చిల్లర, 1 టన్ను ఏసీ పూర్తి లోడు మీద 1,000 వాట్ల దాకా లాగుతుంది. బ్యాటరీ లెక్క చూసినా 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే 1,800 వాట్ అవర్. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించితే దాని ఆయుష్షు తరుగుతుంది. నికరంగా వాడుకునేది 900. అంటే ఇన్వర్టరు మోసినా గంట కూడా రాదు. అపార్ట్‌మెంట్ జనరేటరు ఉందిగా అనుకోకండి, చాలాచోట్ల ఫ్లాటుకు లైట్లు, ఫ్యాన్ల మేరకే లోడు ఇస్తారు, ఏసీ వేస్తే ట్రిప్ అవుతుంది. 2.5 కేవీఏ పైన ఇన్వర్టరు, కనీసం రెండు బ్యాటరీలు ఉంటే, గది ముందే చల్లబడి ఏసీ తక్కువ లోడు మీద నడుస్తుంటే, రెండు మూడు గంటలు లాక్కురావచ్చు.

ఇంకోటి ఎవరూ చూడరు. కరెంటు పోయి రెండు నిమిషాల్లో తిరిగొస్తుంది, కానీ ఆటో రీస్టార్ట్ లేని ఏసీ అలాగే ఆగిపోయి ఉంటుంది. సాయంత్రం ఆరింటికి తలుపు తీసేదాకా ఎవరికీ తెలియదు. ఇవాళే పరీక్షించండి: ఏసీ నడుస్తుండగా ఆ లైనుకున్న ఎంసీబీ స్విచ్చి కిందికి దించి, ఐదు నిమిషాలాగి పైకెత్తండి. రిమోట్ ముట్టకుండా, పాత డిగ్రీల మీదే తనంతట తాను మొదలవ్వాలి. స్టెబిలైజర్ ఉంటే కొన్ని నిమిషాలు ఆలస్యం కావడం మామూలే. అసలు మొదలవకపోతే ఆ ఏసీ ఈ పనికి పనికిరాదు.

ప్లేనో_తెలుగు:
ఇక్కడ టెక్సాస్‌లో పెంచేవాళ్లు ఉష్ణోగ్రత ఒక్కటే చూడరు. ఫారెన్‌హీట్ డిగ్రీలకు గాలిలో తేమ శాతం కలుపుతారు, మొత్తం 150 దాటితే ప్రమాదం. మొరటు లెక్కే, కానీ పనికొస్తుంది. దాంతో చూస్తే హైదరాబాద్‌లో జూలై కూడా ప్రమాదమే. వాన పడుతోంది, చల్లగా ఉందని ఏసీ ఆపి కిటికీ తీస్తారు. 26 డిగ్రీలంటే 79 ఫారెన్‌హీట్, తేమ 80, కలిపితే 159. వానాకాలంలోనూ గది మూసి ఏసీ నడపాల్సిందే, తేమ 50 దాటనివ్వకూడదు. విశాఖ, కాకినాడ వాళ్లకైతే ఏడాదిలో ఎక్కువ నెలలు ఇదే బాధ.

గడ్డివాము:
నేనన్నదీ అదే కదండీ. 24 గంటలూ ఏసీ అంటే ఎండాకాలంలో రోజుకు 12 నుంచి 16 యూనిట్లు, నెలకు 360 నుంచి 480. మామూలు వాడకం మీద ఇది పడితే బిల్లు పై శ్లాబులోకి పోతుంది. గడ్డి సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. దాని తిండిలో ఎక్కువ భాగం తిమోతి గడ్డే, మనకు దొరికేది దిగుమతి సరుకు. రోజుకు 30–40 గ్రాములు తింటుంది, తొక్కి పారేసేది కలుపుకుంటే నెలకు కిలోన్నర కావాలి. అయిపోయిందని వరిగడ్డి వేస్తే కుదరదు, అందులో ఇసుక తత్వం ఎక్కువ, బలం తక్కువ. పశువుల దాణా కొట్టులో దొరికే లూసర్న్ గడ్డిలో కాల్షియం ఎక్కువ. పిల్లలకు, చూలు మీదున్నవాటికి కొంచెం సరే కానీ పెద్దదానికి రోజూ పెడితే మూత్రంలో రాళ్లు. కనీసం రెండు నెలల గడ్డి ముందే ఇంట్లో ఉండాలి, అట్టపెట్టెలో, నేలకు ఎత్తుగా. చెమ్మ తగిలి బూజు వాసన వచ్చిందంటే అంతా పారేయాల్సిందే.

మందులపెట్టె:
ఏసీ గొడవలో పడి డాక్టర్ని మర్చిపోకండి. కుక్కలు, పిల్లులు చూసే డాక్టర్లు అందరూ దీన్ని చూడరు. తేకముందే ఫోన్ చేసి మూడు అడగండి. గ్యాసు మత్తు ఇచ్చే ఏర్పాటు ఉందా? పళ్ల వేళ్లు కనిపించేలా తలకు ఎక్స్‌రే తీస్తారా? ఏ యాంటీబయాటిక్స్ నోటి ద్వారా ఇవ్వకూడదో తెలుసా? అమాక్సిసిలిన్, పెన్సిలిన్, క్లిండమైసిన్ నోట్లో వేస్తే పేగుల్లోని మంచి బాక్టీరియా చచ్చి, ప్రాణం మీదికి వస్తుంది. మూడో ప్రశ్నకు తడుముకున్నారంటే వేరేవారిని వెతకండి.

వడదెబ్బ గుర్తులు: చెవులు ఎర్రబడి వేడిగా ఉంటాయి, నరాలు ఉబ్బి కనబడతాయి, పక్కకు వాలి నోరు తెరిచి ఊపిరి తీస్తుంది, చొంగ చిక్కగా కారుతుంది. కంగారులో చన్నీళ్లలో ముంచుతారు, అది తప్పు. ఆ బొచ్చు లోపలిదాకా తడిస్తే త్వరగా ఆరదు, ఒక్కసారిగా చల్లబడితే షాక్‌లోకి పోతుంది. చల్లటి బండ మీద పడుకోబెట్టి, చెవులకు చల్లని తడిగుడ్డ అద్దుతూ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. అసలు చించిల్లాకు వాంతి రాదు కాబట్టి తిన్నది కుదరకపోతే బయటికి పోయే దారి ఒక్కటే. 12 గంటలు పెంటికలు పడలేదంటే తెల్లారేదాకా ఆగకండి.

కొత్తపంజరం:
ఎంసీబీ దించి చూశాను, ఏసీ తిరిగి మొదలవలేదు. ఇప్పుడే తెలియడం మంచిదైంది. మరి పంజరం? స్నానానికి బూడిద లాంటిది కావాలంటున్నారు, ముగ్గు పిండి వాడొచ్చా? ఒంటరిగా ఉంచితే దిగులు పడుతుందా?

చలిగది:
ముగ్గు పిండి వద్దు, వద్దేవద్దు. అది రాతి పొడి, కొన్నిసార్లు సున్నం కూడా కలుస్తుంది. కళ్లు మండుతాయి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇసుకైతే గరుకు, బొచ్చును విరిచేస్తుంది. అగ్నిపర్వతపు బూడిదతోనో ప్యూమిస్ రాయితోనో చేసిన చించిల్లా డస్ట్ అని అమ్ముతారు, వేళ్ల మధ్య రుద్దితే ముఖానికి రాసుకునే పౌడరులా జారాలి. లోతైన గిన్నెలో రెండంగుళాలు పోసి, వారానికి రెండు మూడుసార్లు, 10–15 నిమిషాలు అందులో పొర్లనివ్వాలి, అదే దానికి స్నానం. తర్వాత తీసేయాలి, లేకపోతే అందులోనే మూత్రం పోస్తుంది. ఆ దుమ్ము గదంతా ఎగిరి ఏసీ ఫిల్టరు మూసుకుపోతుంది. రెండు వారాలకోసారి కడగండి.

పక్షి పంజరం వెనక్కిచ్చేయండి. కనీసం మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, మూడడుగుల ఎత్తు. ఫ్యాబ్రికేషన్ కొట్టులో చేయించుకుంటే అర అంగుళం సందు వెల్డ్ మెష్ అడగండి, కోళ్ల జాలీ కొరికేస్తుంది. కింద తీగ నేల ఉంటే అరికాళ్లు పుండ్లవుతాయి, గట్టి పలక కావాలి. అడ్డబల్లలు మెట్లలా, ఒకదానికొకటి ఎడంగా, జారితే అడుగుకు మించి పడకుండా. ప్లైవుడ్‌లో జిగురు ఉంటుంది, పనికిరాదు. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చవకే కానీ దాని మీద ముద్ర చూడండి: హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబీ అంటే విషవాయువుతో. ఎంబీ ముట్టుకోవద్దు. ముద్రే లేకపోతే అదీ వద్దు. హ్యామ్‌స్టర్ చక్రంలో వెన్ను వంగిపోతుంది, 15 అంగుళాల గట్టి పలక చక్రం కావాలి. నీళ్లకు గాజు సీసా.

గ్రానైటు మాత్రం మన దగ్గర కొదవలేదు. వంటింటి బల్లలు కోసే కొట్టులో మిగిలిన ముక్కలు, చీమకుర్తి నల్లరాయి అయినా సరే, అడుగు చదరం రెండు తీసుకోండి. అంచులు గ్రైండ్ చేయించండి. ఒకటి పంజరంలో, ఒకటి ఫ్రిజ్‌లో. ఫ్రీజర్‌లో లీటరు నీళ్ల సీసాలు నాలుగు గడ్డకట్టి ఉండాలి, గుడ్డ చుట్టి పంజరం పక్కన పెట్టడానికి. ఇవన్నీ గంటసేపు ఆదుకునేవే, ఏసీకి మారు కావు. ఫ్యాన్ అసలు లెక్కలోకే రాదు. చెమట లేని ఒంటికి వేడిగాలి విసిరితే ఏం లాభం?

మందులపెట్టె:
తోడు గురించి: రెండు ఉంటే మంచిదే, ఒకే ఈతలో పుట్టిన మగవి రెండైతే మేలు. కానీ ఆడా మగా తేల్చడంలో అమ్మేవాళ్లు పొరబడతారు. ఆడదానికీ ముందుకు పొడుచుకొచ్చిన మూత్రనాళం ఉంటుంది, చూసి మగదనుకుంటారు. దానికీ మలద్వారానికీ మధ్య ఎడం ఉంటే మగది, దగ్గరగా ఉంటే ఆడది. తప్పితే 111 రోజులకు పిల్లలు. రశీదులో పెంపకంలో పుట్టిందని రాయించుకోండి. అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్, దాని మొదటి జాబితాలో ఉన్నది అడవి చించిల్లా, పెంపుడు రూపానికి ఆ నిబంధనలు వర్తించవని అక్కడే ఉంది. కాబట్టి పుట్టుక కాగితం మీ దగ్గర ఉండాలి.

గడ్డివాము:
కొత్తపంజరం గారూ, ఒక్క మాట వినండి. ఏప్రిల్ వద్దు. ముందు ఖాళీ పంజరం పెట్టండి. కనిష్ఠం, గరిష్ఠం, తేమ మూడూ గుర్తుపెట్టుకునే థర్మామీటరు అందులో వేలాడదీసి, మే నెలలో 14 రోజులు రాయండి. ఒక్కరోజైనా 24 దాటితే మానుకోండి. జూలైలో తేమకు మళ్లీ ఏడు రోజులు. రెండూ నెగ్గితే నవంబరులో తెచ్చుకోండి, నేను అడ్డు చెప్పను.

కొత్తపంజరం:
ఒప్పుకుంటున్నానండి. ఆటో రీస్టార్ట్ ఉన్న ఏసీ చూస్తున్నాం. ఫోన్‌కు హెచ్చరిక పంపే వైఫై థర్మామీటరు అయితే ఇంకా మంచిదా?

చలిగది:
మంచిదే, రౌటరుకు కూడా చిన్న యూపీఎస్ పెడితేనే. లేకపోతే కరెంటుతో పాటు వైఫై పోతుంది, హెచ్చరిక రాదు. థర్మామీటరు పంజరం పై బల్ల ఎత్తులో కట్టండి, వేడిగాలి పైకే చేరుతుంది. ఏసీ గాలి సూటిగా తగిలే వైపు కట్టొద్దు. ఆ గాలి పంజరానికి కూడా సూటిగా తగలకూడదు. పడమటి గోడకు కనీసం రెండడుగుల దూరం ఉంచండి, సాయంత్రం నాలుగింటికి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.