‘అక్రెడిటెడ్ ఇన్వెస్టర్’ అంటే గుర్తింపా, తాహతా?

డాలస్‌లో ఉన్న మా బావ వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. చాలామంది తలా కొంత వేసుకుని ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ కొంటున్నారట, పైన ‘అక్రెడిటెడ్ ఇన్వెస్టర్లకు మాత్రమే’ అని ఉంది. వాళ్ల నాన్న, అంటే మా మామయ్య, తెలుగులో చెప్పమంటే ఆలోచించకుండా ‘గుర్తింపు పొందిన పెట్టుబడిదారులకు’ అనేశాను. ‘గవర్నమెంటు గుర్తించిందంటే ఇంకేంది, మన కుడా అప్రూవ్డ్ లేఅవుట్ లెక్కనే గదా’ అన్నారాయన (కుడా అంటే వరంగల్ వైపు లేఅవుట్లకు అనుమతులిచ్చే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ). హన్మకొండలో పొద్దస్తమానం ప్లాట్ల మాటలు వినేవాళ్లకు అట్లనే తోస్తుంది మరి, తప్పు నాదే.

కుడా చూసేది లేఅవుట్‌ని. ఇక్కడ చూసేది డబ్బు పెట్టే మనిషిని. అమెరికాలో గత రెండేళ్లూ ఏడాదికి 2 లక్షల డాలర్లు దాటిన ఆదాయం ఉండాలి (భార్యాభర్తలది కలిపితే 3 లక్షలు), ఈ ఏడూ అంత వస్తుందన్న భరోసా ఉండాలి. లేదంటే ఉంటున్న ఇల్లు లెక్కలోంచి తీసేశాక 10 లక్షల డాలర్లకు మించిన నికర ఆస్తి (అప్పులు పోను మిగిలేది) ఉండాలి. 2020 నుంచి కొన్ని ఫైనాన్స్ లైసెన్సులున్న వాళ్లనూ చేర్చారు. ఆ స్కీము మంచిదని సర్కారు చెప్పడం కాదిది, పోయినా తట్టుకోగలడు అని వదిలేయడం.

అందుకే ‘గుర్తింపు’ నాకు నచ్చట్లేదు. న్యాక్ కాలేజీకి ఇచ్చేది గుర్తింపు, విలేకరి జేబులో ఉండే అక్రిడిటేషన్ కార్డు గుర్తింపు, సరే. ‘అర్హత గల’ అంటే తప్పు లేదు గానీ చప్పగా ఉంది. ‘తాహతు రుజువైన మదుపరి’ అంటే ఎట్లా ఉంటుంది?

వ్యాఖ్య: తాహతు దాకా ఎందుకండీ, మనకు ‘మోతుబరి’ లేడా? అది ఉర్దూ ‘ముతబర్’ నుంచి వచ్చింది, నమ్మదగినవాడు అని. అక్రెడిట్‌లో ఉన్న క్రెడిట్ కూడా లాటిన్‌లో నమ్మడమే. రెండు చోట్లా నమ్మకం కాస్తా డబ్బు దగ్గరికే చేరింది చూడండి.

జవాబు: ఈ సంగతి తట్టనే లేదు, బాగా చెప్పారు! కానీ మోతుబరి అనగానే నర్సంపేట దిక్కు ఇరవై ఎకరాల ఆసామి కళ్లముందుకొస్తాడు. మన దేశంలోనూ అక్రెడిటెడ్ ఇన్వెస్టర్ ఉన్నాడు. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2021లో తెచ్చిన రూలు ప్రకారం ఏడాదికి 2 కోట్ల రూపాయల ఆదాయమైనా, 7.5 కోట్ల నికర ఆస్తైనా ఉండాలి (రెండూ కొంత కొంత ఉన్నా నడిచే దారి ఇంకోటుంది). ఆస్తి చూపితే అందులో కనీసం సగం షేర్లు, డిపాజిట్ల లాంటివి కావాలి. అంతా పొలమే ఉన్న మోతుబరి అక్కడే ఆగిపోతాడు.

మామయ్యకు మళ్లీ ఫోన్ చేసి ‘మునిగినా బతకగలిగే తాహతు ఉన్నోళ్లకట’ అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మావాడికి అంత జీతమున్నదారా?’ అన్నారు.