అప్‌డేట్: బెబీసియా (పిడుదుల జ్వరం), పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 12, రక్తం ఎక్కించారు

పిడుదుల జ్వరంతో రక్తం పడిపోయిన 20 కిలోల ల్యాబ్రడార్‌కి గ్రూపు చూడకుండా రక్తం ఎక్కించవచ్చా అని అడిగాను కదా. ఎక్కించారు, లేచి తింటోంది.

కుక్కల్లో మొదటిసారికి సాధారణంగా ఇబ్బంది రాదు. ఎప్పుడైనా ఎక్కించి నాలుగు రోజులు దాటితే మాత్రం క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) తప్పనిసరి. దాతకీ పిడుదుల జబ్బుల పరీక్ష చేయాలి.

ఎంత రక్తం కావాలో లెక్క: బరువు (కిలోల్లో) × 90 × పెరగాల్సిన పీసీవీ ÷ దాత పీసీవీ. అంటే 20 × 90 × 10 ÷ 45 = 400 మి.లీ. ఫిల్టర్ సెట్‌తో, మొదటి అరగంట గంటకు 20 మి.లీ. మించకుండా. వాంతి, ముఖం వాపు, వణుకు కనిపిస్తే వెంటనే ఆపాలి. 4 గంటల్లో ముగించాలి, లేదంటే సంచిలో బ్యాక్టీరియా పెరుగుతుంది. అదే లైన్‌లో రింగర్ లాక్టేట్ ద్రవం వద్దు, దాని కాల్షియం వల్ల రక్తం గడ్డకడుతుంది.

పిల్లులున్నవాళ్లు దయచేసి ఇది చూసి ధైర్యం చేయకండి. బి (B) గ్రూపు పిల్లికి ఏ (A) గ్రూపు రక్తం మొదటిసారే ప్రాణం తీయగలదు.