“మిడిమేలపు” దొరా, “మిడిమేళపు” దొరా?

ఈశాన్యం: “మిడిమేళపు దొరను గొల్చి మిడుకుటకంటెన్” – బద్దెన సుమతీ శతకంలోది, దీని పై పాదం నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ప్రొబేట్ జడ్జీల (వీలునామాలు, వారసత్వం కేసులు చూసేవాళ్ల) జీతాల మీద రాస్తున్న వ్యాసానికి తలకట్టుగా పెడదామని. అక్కడ 16 కౌంటీల్లోనూ వీళ్లు ఎన్నికై వస్తారు, పార్ట్‌టైమే. జీతం కౌంటీ ఇస్తుంది, రాష్ట్ర ఖజానా కాదు. మరి దొర ఎవరనుకోవాలి?

కందప్రియుడు: “అడిగిన జీతంబియ్యని”. కానీ మేళమేమిటండీ, పెళ్లి మేళమా? మిడిమేలపు! మేలమాడటమంటే పరిహాసం. మిడిసిపడుతూ వెటకారాలాడే దొర.

తాటాకు: మా తాతగారు ‘ళ’తోనే చదివేవారు. మిడిమిడి జ్ఞానంలో ‘మిడి’ చూడండి. మేళమంటే పరివారం, అదే అరకొరగా ఉన్నవాడు జీతం ఎక్కణ్నుంచి తెస్తాడు?

కందప్రియుడు: తాతగారి మీద గౌరవం ఉంది గానీ, నేను ‘ల’ దగ్గరే ఆగుతాను.

విసంధి: అసలు చిక్కు ‘అడిగిన’లో ఉంది. అడిగినంత జీతం ఇవ్వనివాడా, ‘అడిగినన్’ ఇవ్వనివాడా? ద్రుతం, అంటే చివరి ‘న్’, లోపించిందనుకుంటే ‘అడిగినా ఇవ్వనివాడు’ అని రెండోదీ లాగొచ్చు. ఈశాన్యం గారూ, మీ జడ్జీలకి జీతం చాలట్లేదా, అసలు ఇవ్వట్లేదా?

ఈశాన్యం: ఇస్తున్నారండీ, ఎవరివ్వాలన్నదే గొడవ. శాసనసభ ఫుల్‌టైమ్ జడ్జీలతో వేరే ప్రొబేట్ వ్యవస్థ పెడితే ఈ ఎన్నికల పద్ధతి రద్దయ్యేలా 1967లోనే ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఒప్పుకున్నారు. ఆ తర్వాత యాభై ఏళ్లు దాటినా పెట్టలేదు. పెడితే జీతాల ఖర్చు రాష్ట్రం నెత్తిన పడుతుంది మరి.

తాటాకు: అయితే రాష్ట్రమే దొర. మిడిమేళపు దొర.

గోదారిగట్టు: పార్ట్‌టైమ్ అంటే మిగతా రోజుల్లో ఏం చేస్తారు?

ఈశాన్యం: సొంత లాయర్ ప్రాక్టీసు చేసుకోవచ్చు.

కందప్రియుడు: బాగుంది! కొలువు మానేసి ఎద్దుల్ని కట్టుకోమన్నాడు బద్దెన. వీళ్లు దొరనూ కొలుస్తారు, మడీ దున్నుతారు.

గోదారిగట్టు: దున్నడమంటే పోతనే. “సత్కవుల్ హాలికులైన నేమి” ముందు సుమతి పద్యం చప్పగా లేదూ?

విసంధి: అది భాగవతంలో లేదు, చాటువు, విడిగా నోటికి నోటికి వచ్చిన పద్యం. పోతనదేనని ఏమిటి నమ్మకం?

గోదారిగట్టు: “బాలరసాలసాల” అన్న ఆ నడక ఇంకెవరికొస్తుందండీ?

కందప్రియుడు: శ్రీనాథుడికి రాదా?

ఈశాన్యం: రేపే ఇవ్వాలి వ్యాసం. ‘ల’ వేయనా, ‘ళ’ వేయనా?

తాటాకు: ‘ళ’ వేసేయండి. ఇంతకీ శ్రీనాథుడూ సేద్యం చేశాడుగా. ఆదరించిన దొరలు పోయాక బొడ్డుపల్లె గుత్తకు తీసుకున్నాడు, పంటను కృష్ణ ముంచేసింది, ఏడువందల టంకాలు బాకీ. “బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి.”

విసంధి: ఆ ‘గొడ్డేరి’కి ఏం అర్థం చెబుతారు? గొడ్డు నేలా, గొడ్ల అరకా?