ఆరో తరగతికి జడ్పీ బడిలో చేర్చవచ్చా? గోడమీది మార్కులు చూసి భయం పట్టుకుంది

పాలమూరు నాన్న:
మా పాప ఐదు పూర్తి చేసింది. మండల కేంద్రంలోని జడ్పీ హైస్కూల్లో చేర్చాలని ఉంది. కానీ బడి గోడమీద అంటించిన ఏడో తరగతి ఎస్‌ఏ-1 (అర్ధసంవత్సర పరీక్ష) గణితం మార్కుల్లో సగానికి పైగా సి గ్రేడ్లే. ఎక్కువమంది కూలీల పిల్లలు, తండా పిల్లలు. అలాంటి తరగతిలో మా పాప వెనకబడుతుందా? సైన్స్‌కు టీచరు లేరు. ఇంగ్లీషు మీడియం తట్టుకోగలదా? బస్సు సంగతి కూడా తెలిసినవారు చెప్పండి.

దేవరకొండ గణితం మేడమ్:
ఆ సి గ్రేడు ఎక్కడినుంచి వస్తుందో నన్ను అడగండి. నాలుగు కాగానే చురుకైన పిల్లలు గురుకుల ప్రవేశ పరీక్ష రాసి ఐదుకే వెళ్లిపోతారు. ఐదు కాగానే ఇంకొందరిని మోడల్ స్కూలు తీసుకుంటుంది, కొందరు ఆడపిల్లలు కస్తూర్బా బాలికల విద్యాలయానికి వెళ్తారు. డబ్బు కట్టగలిగిన ఇళ్లలో మగపిల్లవాడిని ప్రైవేటు బస్సు ఎక్కించి, ఆడపిల్లను మా దగ్గరికి పంపుతారు. కిందటేడు నా ఆరో తరగతిలో 31 మంది, అందులో 19 మంది ఆడపిల్లలు. జూన్‌లో తొమ్మిదిమందికి భాగహారం రాదు. ఏప్రిల్‌కు వారిలో ఆరుగురు భిన్నాలు కూడారు. గోడమీద అది సి గ్రేడే. నాకు మాత్రం ఆ రోజు పండుగ.

గురుకులం పూర్వవిద్యార్థి:
మేడమ్, మేం వెళ్లిపోవడం వల్ల బడి పాడైందంటారా? మా అమ్మ పత్తి ఏరిన డబ్బుతో నాకు పరీక్ష పుస్తకం కొన్నది. పదేళ్ల వయసులో ఇల్లు విడిచి ఏడ్చుకుంటూ పడుకున్నాను. ఆ సీటు నాకు ఎవరూ ఉచితంగా ఇవ్వలేదు.

దేవరకొండ గణితం మేడమ్:
గురుకులం బిడ్డా, నిన్ను ఒక్క మాట అనలేదు. పరీక్ష పెట్టి ఏరుకున్న తరగతినీ, మిగిలిన తరగతినీ పక్కపక్కన పెట్టి మార్కులు పోల్చవద్దంటున్నాను. నా పిల్లల్ని ‘మిగిలినవారు’ అనడం నాకే కష్టంగా ఉంది.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నల్గొండ:
32 ఏళ్ల సర్వీసు, పాలమూరు, నల్గొండ రెండు జిల్లాల్లోనూ పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. విద్యాహక్కు చట్టం 2009లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలని ఉంది. సైన్స్-గణితానికి, సాంఘిక శాస్త్రానికి, భాషలకు కనీసం ఒక్కొక్కరు ఉండాలి. కాగితం మీద లోటు లేదు. అసలు ఇబ్బంది తండా పిల్లలకు తెలుగు రాకపోవడం. వాళ్లు తరగతిని కిందికి లాగుతారు. ఇది అనుభవం.

తండా నుంచి ఇంజినీరు:
సార్, ‘కిందికి లాగుతారు’ అనే మాట వెనక్కి తీసుకోండి. మా ఇంట్లో లంబాడీ మాట్లాడతాం. ఒకటో తరగతిలో టీచరు ‘పలక తీయండి’ అంటే నాకు అర్థం కాలేదు. ఆరు నెలలు నోరు విప్పకపోతే మొద్దు అన్నారు. నేను చదివిన బడిలో మా భాష తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఏడో తరగతిలో ఒక సారు మా తండాకు వచ్చి, మా అమ్మ దగ్గర ఇరవై మాటలు నేర్చుకుని వెళ్లారు. అక్కడినుంచి నా లెక్కలు మారాయి. పిల్లవాడు మారలేదు సార్, వినే మనిషి వచ్చాడు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నల్గొండ:
నేను తప్పు అనలేదు, కారణం చెప్పాను. కోపంతో సర్వీసు అనుభవం చెరిగిపోదు.

తండా నుంచి ఇంజినీరు:
32 ఏళ్లలో ఎన్ని లంబాడీ మాటలు నేర్చుకున్నారు సార్? అది చెప్పండి చాలు.

మక్తల్ వాసి:
మా వైపు ఇంట్లో కన్నడ, బజారులో తెలుగు, పుస్తకం ఇంగ్లీషు. 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. మా బాబు తెలుగు పేజీ చదివి ఇంగ్లీషులో జవాబు రాస్తాడు. మొదటి ఏడాది మార్కులు పడిపోయాయి, ఇప్పుడు కుదుటపడ్డాడు.

గద్వాల అమ్మ:
భాష గురించి వాదించుకుంటున్నారు, మా ఊళ్లో పిల్లలు తరగతిలోనే ఉండరు. ఆగస్టు నుంచి సీడు పత్తి (విత్తనాల కోసం పెంచే పత్తి) చేలల్లో క్రాసింగ్ పని. సాయంత్రం మొగ్గలు వలవాలి, మర్నాడు పొద్దున మగ పూలతో పుప్పొడి అద్దాలి. చిన్న చేతులైతే త్వరగా అవుతుందని పిల్లల్ని పిలుస్తారు. ఒక ఏడాది అప్పు తీర్చడానికి నేనూ నా కొడుకును పంపాను. ఎస్‌ఏ-1 నాటికి వాడు మూడు పాఠాలు కూడా వినలేదు. ఆ మార్కుల కాగితం మీద నేను వేలిముద్ర వేశాను. ఆ మార్కులు బడివి కావు, నావి.

కోస్గి చిన్నాన్న:
అక్కా, మా వైపు దసరా దాటితే పుణె, ముంబయి బస్సులు నిండుతాయి. మా అన్న కొడుకు సీజనల్ హాస్టల్లో (వలస వెళ్లినవారి పిల్లల కోసం నడిపేది) ఉండబట్టి ఏడు పూర్తి చేశాడు. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం, నల్గొండ 64 శాతం. ఇంట్లో హోంవర్కు చూసేదెవరు?

దేవరకొండ గణితం మేడమ్:
గద్వాల అమ్మా, బాబు ఇప్పుడు ఏ తరగతి? ఎనిమిదిలో ఉంటే ఎన్‌ఎంఎంఎస్ (కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్) పరీక్ష రాయించండి. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షల లోపుండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12 వేలు వస్తాయి. హాస్టల్ వసతి ఉన్న గురుకుల పిల్లలకు అది వర్తించదు, మన బడి పిల్లలకే.

గద్వాల అమ్మ:
ఎనిమిదే మేడమ్. ఎవరూ చెప్పలేదు. రేపే బడికి వెళ్లి అడుగుతాను.

పాలమూరు నాన్న:
‘అలాంటి తరగతి’ అని రాసినందుకు తండా అన్నను క్షమాపణ అడుగుతున్నాను. నిన్న వెళ్లి ఏడో తరగతి హాజరు పట్టీ చూపించమన్నాను. రోజూ వచ్చిన పిల్లల్లో సి గ్రేడు నలుగురికే. పాపను చేరుస్తున్నాను. సైన్స్ టీచరు సంగతి ఎవరూ చెప్పలేదు. సాయంత్రం బస్సు బడి వదలకముందే వెళ్లిపోతుందట, దానికేమిటి దారి?

కోస్గి చిన్నాన్న:
టికెట్ బెంగ లేదు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడపిల్లలకు ఉచితం, ఆధార్ చూపించాలి. సమయం గురించి మా ఊళ్లో పదిహేనుమంది తల్లులు సంతకాలు చేసి డిపోలో అర్జీ ఇచ్చారు. రెండుసార్లు తిరిగాక సాయంత్రం ట్రిప్పు ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయలుదేరేలా మార్చారు. అర్జీ నకలు నా దగ్గర ఉంది, కావాలంటే పంపుతాను.