ఫేక్ ఐడీలో ప్రైవేట్ ఫోటోలు: ముందు తీయించాలా, కేసు పెట్టాలా? (వైజాగ్)

గాజువాక_అక్క: మా చెల్లి స్నేహితురాలి ఫోటోలు రెండు ఎవడో ఫేక్ ఐడీతో ఇన్‌స్టాలో పెట్టాడు. ఒకటి ఆమె ఒకప్పుడు నమ్మి పంపిన సెల్ఫీ, ఇంకోటి ముఖం అతికించింది. టెలిగ్రామ్ గ్రూపులోకీ వెళ్లాయి. ఇంట్లో తెలిసేలోపు పోవాలని ఆమె ఏడుపు. ఎఫ్ఐఆర్ లేనిదే తీయరంటున్నారు, నిజమేనా? ఐడీ మూతపడితే ఆధారం కూడా పోదా?

లా_పాయింట్: ఎఫ్ఐఆర్ కావాలన్నది అబద్ధం అండీ. 2021 ఐటీ నియమాల్లో 3(2)(బి) ఉంది. నగ్న చిత్రమైనా, మార్ఫ్ చేసిందైనా, బాధితురాలు గానీ ఆమె తరఫున ఇంకెవరైనా గానీ ఫిర్యాదు చేస్తే కంపెనీ తీసేయాలి. నియమం వచ్చినప్పుడు పెట్టిన గడువే 24 గంటలు. మీ చెల్లి పెట్టినా చెల్లుతుంది. యాప్‌లో రిపోర్ట్ కొట్టి వదిలేయకండి, కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఆ నియమం నంబరు రాసి మెయిల్ పెట్టండి. కుదరదంటే ఆ జవాబు వచ్చిన 30 రోజుల్లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లొచ్చు.

రిపోర్ట్ కొట్టేముందు మాత్రం ఆధారం పట్టుకోండి. చాలామంది వట్టి ఫోటో స్క్రీన్‌షాట్ తీస్తారు, అందులో లింకు ఉండదు. పోస్టు మీది మూడు చుక్కలు నొక్కి లింకు కాపీ చేయండి, ప్రొఫైల్ లింకు వేరేగా. యూజర్‌నేమ్ అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి, వాడు రేపు మార్చేస్తాడు. ప్రొఫైల్ నుంచి పోస్టు దాకా తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్. టెలిగ్రామ్‌లో మెసేజ్ లింకుతో పాటు గ్రూపు ఇన్వైట్ లింకు, అడ్మిన్ యూజర్‌నేమ్. బెదిరింపు చాట్ డిలీట్ చేయొద్దు, వాడికి జవాబూ ఇవ్వొద్దు.

ఐడీ మూతపడినా భయం లేదు. తీసేసిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు దాచాలని అవే నియమాలు చెబుతున్నాయి. ఆలోగా పోలీసులు అడగాలి, అందుకే కేసు మరీ నాన్చకూడదు.

హ్యాష్_బాబాయ్: ఇలాంటి ఫోటోలు వ్యాపించకుండా ఆపే సైట్ స్టాప్‌ఎన్‌సీఐఐ డాట్ ఆర్గ్‌లో కూడా వేయండమ్మా. ఫోటో ఆమె ఫోన్ దాటదు, దాని హ్యాష్, అంటే ఫోటో నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి కోడ్ మాత్రమే వెళ్తుంది. ఇన్‌స్టా, ఫేస్‌బుక్, రెడ్డిట్ లాంటివి దాన్ని పోల్చి ఆపుతాయి. క్రాప్ చేసినా, ఫిల్టర్ వేసినా హ్యాష్ మారొచ్చు కాబట్టి దొరికిన ప్రతి రూపాన్నీ విడిగా వేయాలి. కేసు నంబరు, పిన్ ఎక్కడైనా రాసిపెట్టుకోండి, పోతే మళ్లీ ఇవ్వరు. టెలిగ్రామ్‌ని దీని మీద వదలొద్దు, అక్కడ నేరుగా ఫిర్యాదే. ఇది 18 నిండినవాళ్లకి. మైనర్ అయితే టేక్ ఇట్ డౌన్ అని వేరే సేవ ఉంది. మైనర్ ఫోటోలను ఆధారం పేరుతో కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, పిల్లల అశ్లీల చిత్రాల మీద ఐటీ చట్టంలో ఉన్న సెక్షన్ 67బి మీ మెడకే చుట్టుకుంటుంది.

ఫోటో తీయమని గూగుల్‌కి పెట్టే ఫారమ్ వేరు. అది సెర్చ్‌లో కనబడకుండా చేస్తుంది, సైట్‌లో బొమ్మ అలాగే ఉంటుంది.

గాజువాక_అక్క: స్టేషన్ అంటేనే ఆమె వణికిపోతోంది. ఎక్కడికెళ్లాలి, ఏం రాయాలి?

లా_పాయింట్: సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లల విభాగంలో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు వేయొచ్చు. కానీ పేరు లేని ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందో ట్రాక్ చేయలేరు, పైగా పోర్టల్ నంబరు ఎఫ్ఐఆర్ కాదు. కేసు కావాలంటే సిటీ సైబర్ క్రైమ్ స్టేషన్‌కి గానీ దగ్గరి స్టేషన్‌కి గానీ వెళ్లాలి. 'మా పరిధి కాదు' అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధి చూడకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అడగండి, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 173 అందుకే ఉంది. ఐటీ చట్టం కేసు దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టరు, అంతకంటే కింది హోదా కాదు.

సెక్షన్లు పోలీసులే వేస్తారు, కానీ ఫోటోలో ఏముందో స్పష్టంగా రాయండి. సిగ్గుపడి 'అసభ్య ఫోటో' అని ముగిస్తే ఐటీ చట్టం సెక్షన్ 67తో సరిపెడతారు, అది బెయిలబుల్. లైంగిక చర్య కనిపిస్తుంటే 67ఎ, మొదటిసారికే అయిదేళ్ల దాకా శిక్ష, నాన్‌బెయిలబుల్. ఆంతరంగిక భాగాలు చూపిస్తే 66ఇ. డబ్బు అడిగితే అదీ రాయండి, ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లో బెదిరించి వసూలు చేయడం మీద ఉన్న సెక్షన్ 308 వస్తుంది.

వకీలు ఫీజు గురించి బెంగ వద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, 15100కి ఫోన్ చేయమనండి.

హ్యాష్_బాబాయ్: ఒకటి మర్చిపోయాం. సెల్ఫీ ఆమె తీసుకుందే కాబట్టి కాపీరైట్ ఆమెదే. మన చట్టాన్ని లెక్కచేయని విదేశీ సైట్లు కూడా డీఎంసీఏ (అమెరికా కాపీరైట్ చట్టం) నోటీసుకి కదులుతాయి. కాకపోతే నోటీసులోని పేరు అప్‌లోడ్ చేసినవాడికి చేరొచ్చు, వకీలు చేత పంపించడం మేలు.